బయట వేసిన తాళం

ఆ వేసవిలో మా చెల్లెలు చంద్రమ్మ రోజూ పొద్దున రెండు తాళాలు వేసేది. ఒకటి బియ్యం గదికి, రెండోది మనుషులకు.

మనుషులంటే షెడ్డులో పనిచేసే నలుగురు. శంషాబాదు నుంచి జల్‌పల్లి వైపు పోయే దారిలో చెల్లెలి ఇల్లు. ఇంటి వెనక మిగిలిన కాస్త చెలకలో మేనల్లుడు మధు రేకుల షెడ్డు వేసి, పాత ప్లాస్టిక్‌ను కరిగించి దానా చేసే యంత్రం పెట్టాడు. దానా అంటే జొన్నగింజలంత ప్లాస్టిక్ పలుకులు. మైలార్‌దేవ్‌పల్లి వ్యాపారులు వాటిని కొని బకెట్లూ మగ్గులూ పోయించుకునేవారు. షెడ్డుకు అనుమతి లేదు. ఆ యేడు అధికారులు అలాంటి షెడ్లను మూయిస్తూ తిరుగుతున్నందువల్ల చుట్టుపక్కల అందరూ ఒక ఉపాయం కనిపెట్టారు. పనివాళ్ళు లోపలికి పోగానే షట్టర్ దించి బయట తాళం వేసేవారు. తనిఖీకి వచ్చినవారు తాళాన్ని ఫోటో తీసుకొని, మూతపడినట్లు రాసుకొని వెళ్ళిపోయేవారు. వచ్చినవారికీ శ్రమ లేదు, ఉన్నవారికీ నష్టం లేదు. మధ్యాహ్నం అన్నాలవేళ చంద్రమ్మ తాళం తీసేది. వాళ్ళు తిన్నాక మళ్ళీ వేసేది.

రాజేంద్రనగర్‌లో మా ఇంటికి మరమ్మతులు జరుగుతున్నందున నేను ఆ ఎండాకాలం చెల్లెలి ఇంట్లో ఉన్నాను. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఎవరేం చెప్పినా రుజువు అడగడం నా అలవాటు. వచ్చిన మరునాడే భోజనాల దగ్గర అడిగాను.

“లోపల మనుషులుండగా బయట తాళమేమిటి, మధూ?”

“గిది అందరు చేసేదే మామా. మా ఒక్క ఇంట్లనే ఉన్నదా?”

“ఏదైనా జరిగితే?”

చంద్రమ్మ నా కంచంలో పప్పు వేస్తూ నవ్వింది. “నేనేడికి పోత అన్నా? ఈడనే ఉంట గద. తాళంచెయ్యి నా బొడ్లనే ఉంటది. ఒక్క కేకేస్తే పలుకుత.”

“బావకు అన్నిట్ల డౌటే,” అన్నాడు ఆమె భర్త మొగులయ్య. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా ఒక విమానం దిగుతోంది. దాని మోత తగ్గేదాకా ఆగి, “గా ఇమానం రెక్కలు ఎందుకు కొట్టుకుంటలేదని గుడ అడుగుతడు,” అన్నాడు.

అందరం నవ్వాం. పప్పులో చింతచిగురు వేసింది. మారు వడ్డించుకొని తిన్నాను. నా ప్రశ్నకు జవాబు వచ్చిందనే అనుకున్నాను.

మే నెల నడిమిలో ఒక మధ్యాహ్నం, మధు సరుకు దించడానికి మైలార్‌దేవ్‌పల్లి పోయి ఉన్నాడు. మొగులయ్య మంచం మీద కునుకు తీస్తున్నాడు. నేను వసారాలో పేపరు చదువుతున్నాను. రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు చప్పుడైంది. ఆకాశం వైపు చూశాను. మబ్బు తునక లేదు. చంద్రమ్మ మాత్రం ఆకాశం వైపు చూడలేదు. బట్టలబండ దగ్గర చేతిలో ఉన్న చీరను నీళ్ళలోనే వదిలేసి షెడ్డు వైపు పరుగెత్తింది.

అవి షట్టర్‌ను లోపలి నుంచి బాదుతున్న పిడికిళ్ళు. “అమ్మా! చాబీ! చాబీ!” అని అరుస్తున్నారు. రేకుల సందుల్లోంచి నల్లటి పొగ చిమ్ముతోంది. చంద్రమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. తడిచేతుల్లో అది నిలవలేదు. ఒకసారి జారి మట్టిలో పడింది. మళ్ళీ తీసుకుంది. తాళం ఊడదీసి పారేసి, షట్టర్ పైకి నెట్టింది. ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చి నేలమీద దగ్గసాగారు.

“బనమాలి ఏడి?” అంది.

ఒకడు లోపలికి చెయ్యి చూపించాడు. బనమాలి ఒడిశా మనిషి, నలుగురిలో పెద్దవాడు. యంత్రం దగ్గర ఉండే పని అతనిది. యంత్రం షెడ్డు చివర ఉంది.

నేను గేటు దగ్గర నిలబడి అగ్నిమాపక దళానికి ఫోన్ చేస్తున్నాను. షెడ్డు ఎవరి పేరు మీద ఉందని వాళ్ళు అడిగారు. ఆ ప్రశ్న దగ్గర తడబడ్డాను. అటు చూసేసరికి చంద్రమ్మ ఒక గోనెసంచిని కుడితి గోలెంలో ముంచి నెత్తిన వేసుకుంటోంది. నిద్రలోంచి లేచివచ్చిన మొగులయ్య ఆమె రెక్క పట్టుకున్నాడు.

“ఏ, పిచ్చిలేసిందా? పోకు! సస్తవ్!”

ఆమె విదిలించుకొని లోపలికి పోయింది.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను గడియారం చూడలేదు. ఊరివాళ్ళు, రోడ్డున పోయేవాళ్ళు గుమిగూడి ఫోన్లు ఎత్తారు. పొగలోంచి ఆమె వీపు ముందు కనబడింది. వెనక్కి వెనక్కి నడుస్తూ, బనమాలిని చంకల కింద పట్టుకొని ఈడ్చుకొస్తోంది. అతని ఒక కాలి చెప్పు కరిగి పాదానికి అంటుకుంది. ఆమె రెండు ముంజేతుల మీది తోలు లేచిపోయింది. ఫోన్లలో పడింది అంతే. తాళంచెవి ఇంకా అందులోనే ఉన్న తాళం మట్టిలో పడి ఉండటం ఏ ఫోనులోనూ పడలేదు. మొగులయ్య వంగి దాన్ని తీసి జేబులో వేసుకోవడం నేను చూశాను.

అగ్నిమాపక దళం మంట ఆర్పి వెళ్ళాక, సాయంత్రం మధు వచ్చాడు. దవాఖాన నుంచి చేతులకు కట్లతో తిరిగొచ్చిన తల్లి ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి ఒక్కమాట చెప్పాడు.

“షట్టర్ ఇరికింది. అమ్మ లేపింది. ఎవరడిగినా గంతే.”

“పర్మిషన్ లేదంటే జుర్మానా కట్టి బయటపడతం,” అన్నాడు మొగులయ్య నావైపు చూస్తూ. “తాళమంటే జైలే బావా. పోరని బతుకు ఆగమైతది.”

విచారణకు వచ్చినవారు అడిగితే ముగ్గురు పనివాళ్ళూ అదే చెప్పారు: షట్టర్ ఇరికింది. నన్నెవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను అబద్ధమాడలేదని చాలా రోజులు లెక్కవేసుకున్నాను.

ఫోన్లలోని ఆ దృశ్యం జిల్లా అంతా తిరిగింది. ఇరుక్కున్న షట్టర్‌ను ఒంటిచేత్తో లేపి ప్రాణాలు కాపాడిన వీరనారి అని దానికి పేరు పెట్టారు. ఇంటికి జనం రావడం మొదలైంది. అందరికంటే ముందు పక్కింటి సక్కుబాయి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకొని వచ్చింది.

“మైసమ్మే వచ్చింది చంద్రమ్మ మీదికి. లేకపోతే గంత షట్టర్ ఆడమనిషికి లేస్తదా?” అని వంగి చంద్రమ్మ కాళ్ళకు దండం పెట్టబోయింది. చంద్రమ్మ కాళ్ళు మంచం మీదికి ముడుచుకుంది.

“మైసమ్మా లేదు, గియ్యమ్మా లేదు,” అన్నాను. అలాంటి మాటలకు నా నోరు ఊరుకోదు.

“ఔ సారూ, మీరు దేవున్ని నమ్మరు. మంచిదే. మరి షట్టరెట్ల లేసింది? జర జెప్పుండ్రి.”

షట్టర్ ఇరుక్కోలేదు కనుక లేచింది అని చెప్పవలసిన చోటు అది. దానికి బదులు, ప్రాణభయం కలిగినప్పుడు మనిషి శరీరంలోకి ఒక రసాయనం విడుదలవుతుందనీ, దానివల్ల కండరాలకు మామూలుగా లేని బలం వస్తుందనీ వివరించాను. తప్పులేని శాస్త్రం. జరగని సంగతికి.

సక్కుబాయి శ్రద్ధగా విన్నది. “గదే సారూ,” అంది. “మీరు రసాయనమంటరు, మేం మైసమ్మ అంటం.”

మంచం మీద చంద్రమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

బనమాలిని చూడటానికి ఆమె నాతోనే వచ్చింది. మధును రమ్మంటే పని ఉందన్నాడు. దవాఖానలో ఆమెను చూడగానే బనమాలి లేచి కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది.

“అమ్మా, నువ్వు లేదంటే నేను లేదు,” అన్నాడు. ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఉన్నాడు, తెలుగు వస్తుంది. వెంటనే ఫోను తీసి ఊళ్ళో ఉన్న భార్యకు కలిపాడు. తెరమీద ఒక బక్కపలచని స్త్రీ నెత్తిన కొంగు కప్పుకొని, చంద్రమ్మను చూసి రెండు చేతులూ జోడించింది. ఆమె ఏదో అంటోంది; భాష తెలియకపోయినా అర్థం తెలియనిది కాదు. చంద్రమ్మ ఫోనువైపు చూడలేకపోయింది. అతని కాలివైపు చూసింది. అటూ చూడలేక కిటికీవైపు తిరిగింది.

“షెడ్డు మల్ల ఎప్పుడు చాలూ అయితది అమ్మా?” అని అడిగాడు బనమాలి. “నన్నే పిలువుండ్రి. ఒక కాలు మంచిగనే ఉంది. గీసారి నేను షట్టర్ దగ్గర కూసుంట.”

తాళం వేయొద్దని అతను అనలేదు.

తిరుగుప్రయాణంలో ఆటో బెంగుళూరు రోడ్డు మీద లారీల నడుమ నెమ్మదిగా పోతోంది. చంద్రమ్మ నావైపు తిరిగింది.

“అన్నా, నువ్వు ఇన్ని బుక్కులు సదివినవ్ గద. ధైర్యమంటే ఏంది?”

భయం లేకపోవడం ధైర్యం కాదనీ, భయం ఉండి కూడా, మరొకరి కోసం తెలిసి ముప్పులోకి అడుగుపెట్టడమే ధైర్యమనీ చెప్పాను. యుద్ధంలో సైనికుల గురించీ, వరదల్లో ముక్కూమొగం తెలియనివారిని కాపాడిన మామూలు మనుషుల గురించీ చెప్పాను.

“గదంతా నాకు తెల్వదు,” అంది. “లోపల వాడు దగ్గుతుండె. నేను పెట్టిన తాళంచెయ్యి ఇంకా తాళంలనే ఉండె. వాడు లోపలనే సస్తే, రేపు నేను ఎవ్వలకు అన్నం పెట్టాలె? ఏ మొగం పెట్టుకొని పెట్టాలె? గది యాదికొచ్చింది. గంతే, ఉరికిన. మంటకు భయమైంది అన్నా. కాని బయట నిలవడాలంటే ఇంకా భయమైంది.” కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చుంది. “నువ్వు చెప్పే ధైర్యం గాదు గిది. సిగ్గు.”

నేను వాదించబోయాను. సిగ్గువల్ల చేసినా ప్రాణం కాపాడింది గదా అనబోయాను. లారీ హారన్ కొట్టింది. ఆ తర్వాత అనలేదు.

జూన్ మొదట్లో ఊరి యువజన సంఘం సన్మానం పెట్టింది. రోడ్డు పక్కన ఫంక్షన్ హాలు, గుమ్మానికి చంద్రమ్మ బొమ్మతో ఫ్లెక్సీ. సంఘం అధ్యక్షుడు రవీందర్ స్వయంగా వచ్చి, ధైర్యం గురించి నాలుగు మాటలు మీరే మాట్లాడాలి సార్ అని నన్ను అడిగాడు. ఒప్పుకున్నాను. రెండు కాగితాల నిండా రాసుకున్నాను. అందులో షట్టర్ బరువు కూడా అంచనా కట్టాను. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు. చదువుకున్నవాడు అబద్ధానికి కూడా అంకెలు చక్కగా వేయగలడు.

బయలుదేరేముందు మధు తల్లి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ కొద్దిరోజుల్లోనే పిల్లవాడు చిక్కిపోయాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు.

“అమ్మా, స్టేజి మీద ఏం మాట్లాడకు. శాలువా కప్పుతరు. దండం పెట్టు, కూసో. మిగిలింది మామ చూసుకుంటడు.”

“సరే బిడ్డా,” అంది చంద్రమ్మ.

హాలు నిండింది. సక్కుబాయి ముందువరుసలో మైసమ్మ గుడి పూలదండతో కూర్చుంది. రవీందర్ మైకు పట్టుకొని, ఊరికి ఇలాంటి తల్లి ఉండటం మన అదృష్టమన్నాడు. శాలువా కప్పారు. చప్పట్లు ఇంకా ఆగకముందే చంద్రమ్మ శాలువా తీసి కుర్చీ మీద వేసి, మైకు దగ్గరికి నడిచింది. మధు తన కుర్చీలో నిటారుగా అయ్యాడు.

“షట్టర్ ఇరకలే,” అంది. మైకు కీచుమంది. “తాళం ఏసి ఉండె. ఏసింది నేనే. దినాం నేనే ఏస్తుంటి. లోపల మనుషులున్నరని తెలిసే ఏస్తుంటి.”

చప్పట్లు ఆగాయి. తర్వాత రవీందర్ మైకు అందుకొని, “చూసిండ్రా! పెద్దమనసంటే గిది. చేసిన మేలు గుడ తనది కాదంటది, తప్పు తన మీదేసుకుంటది. గట్టిగ కొట్టుండ్రి సప్పట్లు!” అన్నాడు.

హాలంతా చప్పట్లు మోగాయి. సక్కుబాయి కళ్ళు తుడుచుకుంటోంది.

“కొట్టకుండ్రి!” చంద్రమ్మ కట్లు కట్టిన చేతులు అడ్డంగా ఊపింది. “అయ్యో, కొట్టకుండ్రి. నేను చెప్పేది ఇనుండ్రి జర!” ఎవరూ వినడం లేదు. ఆమె చుట్టూ చూసి నావైపు తిరిగింది. “అన్నా, నువ్వన్న జెప్పు. నీ మాటైతే ఇంటరు.”

నా చేతిలో రెండు కాగితాలున్నాయి. నేను లేచి నిలబడ్డాను కూడా. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. చెప్పాలా వద్దా అన్న సందేహం కాదు; ఏ వాక్యంతో మొదలుపెడితే మేనల్లుడి మీదికి తక్కువ వస్తుందా అని వెతుకుతున్నాను. వాక్యం దొరకలేదు. చెల్లెలు అక్కడ ఒంటరిగా, చేతులు చాచి నిలబడి ఉంది. ఆమె చెప్పిన నిజానికి అంతమంది చప్పట్లు కొడుతున్నారు.

మధు వేదిక ఎక్కడం నేను చూడలేదు. మైకు దగ్గర అతని గొంతు వినబడ్డాకే తలెత్తాను.

“మా అమ్మ చెప్పేది నిజం,” అన్నాడు. మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. “షెడ్డు నాది. పర్మిషన్ లేదు. తాళం ఏయమని అమ్మకు చెప్పింది నేనే. అమ్మకేం తెల్వదు. షట్టర్ ఇరికిందని అబద్ధం జెప్పిచ్చింది గుడ నేనే.” తల్లి పక్కకు జరిగాడు. “మీరు సప్పట్లు కొడుతుంటే అమ్మ ఒక్కతే అయిపోయింది ఈడ. నాతోని సూడ శాతగాలే.”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకవరుసలో ఎవరో “జైలుకు పోతవ్‌రా” అన్నారు, తిట్టినట్టు కాదు, హెచ్చరించినట్టు. మొగులయ్య లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచాడు. జనం కుర్చీలు జరిపి అతనికి దారి ఇచ్చారు. చంద్రమ్మ కొడుకు భుజం మీద చెయ్యి వేయబోయి, కట్టు ఉన్నందున మోచేతితో అతన్ని తాకింది.

ఆ కేసు ఇంకా కోర్టులో ఉంది. దాని ముగింపు నాకూ తెలియదు గనుక ఆ సంగతి చెప్పబోను. షెడ్డు స్థలంలో ఇప్పుడు ఏమీ లేదు. మొగులయ్య కొడుకుతో మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. భార్యతో ఇంకా ముభావంగానే ఉంటాడు. చెప్పవలసినది మరునాటి పొద్దున సంగతి ఒక్కటే.

ఠాణాకు ముగ్గురం వెళ్ళాం. ఎస్సై వయసులో చిన్నవాడు. నిన్నటి సంగతి అప్పటికే అతని చెవిన పడింది. ఎవరు ముందు చెబుతారని అడిగాడు.

“నాది రాయుండ్రి సార్,” అన్నాడు మధు. “షెడ్డు నాది.”

“ఏ ఆగు. తాళం ఏసిన చెయ్యి నాది. నాదే ముందు.”

“నువ్వు ఊకో అమ్మా, నీకు తెల్వది.”

“ఏం తెల్వది? దినాం రెండుమాట్ల ఏసిన. నీకు ఎర్కనా తాళం ఎటు తిప్పితే పడుతదో?”

ఎస్సై కలం బల్లమీద పెట్టాడు. “మీరేమన్న బస్సుల సీటుకు కొట్లాడుతున్నరా? ఒక్కొక్కలు మాట్లాడుండ్రి.” అప్పుడు తలుపు దగ్గర నిలబడిన నన్ను చూశాడు. తెల్లబట్టలు, కళ్ళజోడు చూసి కొంచెం మర్యాదగా, “మీరెవరు సార్? వకీలా?” అన్నాడు.

“కాదు. ఆమె అన్నను.”

“అయితే బయట బెంచి ఉంది సార్. నీడకు కూసోండ్రి. వీల్లది అయ్యేదాక టైమ్ పడుతది.”

బెంచి నిజంగానే నీడలో ఉంది. ఖాళీగా ఉంది. అటు తిరిగాను కూడా. పెద్దమనిషిగా కూర్చుని, ఇద్దరికీ వకీలును చూసి, జామీనుకు సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోవచ్చు. నన్నెవరూ ఏమీ అడగలేదు, మునుపటిలాగే. తిరిగిన వైపునుంచి మళ్ళీ ఇటు తిరగడానికి నాకు ఎంత కష్టమైందో చెబితే నవ్వుతారు. అక్కడ మంట లేదు, పొగ లేదు.

“నాకూ తెలుసు,” అన్నాను.

“ఏం తెలుసు సార్?”

“తాళం సంగతి. వాళ్ళ ఇంటికి వచ్చిన మరునాటి నుంచీ తెలుసు. ఆ రోజు షట్టర్‌కు తాళం వేసి ఉండటం కళ్ళారా చూశాను. దాన్ని దాచడమూ చూశాను. విచారణ జరిగినప్పుడు అక్కడే ఉండి చెప్పలేదు.”

చంద్రమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులో మెప్పు లేదు, నిష్ఠూరమూ లేదు. నేను ఇంటికి ఆలస్యంగా వస్తే అన్నం మూత తీస్తూ చూసినట్టు చూసింది.

ఎస్సై నన్ను ఎగాదిగా చూసి కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

“పేరు?”

“దశరథం,” అన్నాను. చంద్రమ్మ కట్టు ఉన్న చేతిని బల్లమీది నుంచి తీసి, కొంచెం పక్కకు జరిగింది. వెళ్ళి ఆ చోట నిలబడ్డాను.